ఖాళీ కాని అర

అరలో ఏమీ లేదు, కానీ అర ఖాళీగా లేదు, ఈ రెండూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయో సరోజనకు అంతుపట్టలేదు. ఎదురుగా కంప్యూటరు మిషను తెర మీద ఆకుపచ్చ అక్షరాలను ఇంకోసారి చదివింది. ఏమున్నాయో చూపించు అంటే మిషను ఏమీ చూపించదు, గీత ఒక వరుస కిందికి జరిగి మిణుకు మిణుకుమంటూ నిలబడుతుంది. సరే, ఏమీ లేనప్పుడు ఆ అరనే తీసెయ్ అంటే మాత్రం "డైరెక్టరీ నాట్ ఎంప్టీ" అంటుంది. అంటే అర ఖాళీగా లేదు, తీయను, పో అని. జనగామలో అత్తగారు రుక్మిణమ్మ మురుకుల డబ్బా కూడా అచ్చం ఇట్లాగే ఉండేది. ఏం లేవు బిడ్డా, అడుగంటినయి అనేది, అయితే కడిగి బోర్లిస్తానంటే మూత మీద చెయ్యి వేసుకొని కూర్చునేది. ఆ డబ్బా సంగతి పెళ్ళైన నెలకే తేలిపోయింది, కింద గుడ్డ పరిచి దాని అడుగున ఆడబిడ్డ వస్తే పెట్టడానికి ఇరవై మురుకులు ఉండేవి. అత్తగారికి దాచడానికి ఒక కారణం ఉంది. మిషనుకు ఏం కారణం ఉంటుంది, దానికి ఆడబిడ్డలు లేరు కదా.

గోడ మీద గడియారం మూడు కొట్టింది. నాలుగింటికి డ్రైవరు సాంసన్ జీపు తెస్తాడు, ఈ మిషనునూ, టేబుల్ మీద దారంతో కట్టిపెట్టిన తొమ్మిది పేజీల జాబితానూ వరంగల్లుకు ఎక్కిస్తాడు, దాంతో భూపాలపల్లిలో పొన్నవాగు సర్వే క్యాంపు ముగిసిపోతుంది. పొన్నవాగు మీద కట్టబోయే చెరువులో నాలుగు ఊళ్ళు మునుగుతాయి. మునిగే ప్రతి కుటుంబానికీ కొత్త కాలనీలో ఒక ఇంటి జాగా ఇస్తారు, జాబితాలో పేరుంటే జాగా ఉంది, పేరు లేకుంటే జాగా లేదు, అంత సులువు. ఇంటింటికీ తిరిగి పుస్తకాల్లో రాసుకొచ్చిన వివరాలను పద్నాలుగు నెలలు కూర్చొని, కుటుంబానికొక ఫైలు చొప్పున ఈ మిషనులోకి కొట్టింది సరోజనే. నిన్న జాబితా అచ్చు తీశారు. నూట తొంభై ఏడు కుటుంబాలు. ఆఖరి పేజీలో "ఇంతటితో జాబితా సమాప్తం, ఇక ఎవరూ లేరు" అని కొట్టించి దాని కింద క్యాంపు ఆఫీసరు ఉపేందర్ సార్ ఆకుపచ్చ సిరాతో, పెళ్ళి పత్రికలో పేరులాగా మెలికలు తిప్పి సంతకం చేశాడు. ఈ పొద్దున వచ్చి, "సరోజనమ్మా, ఇగ అన్ని తీసెయ్యి. ఖాళీ డబ్బ అప్పజెప్పాలె, ఖాళీ చేసినట్టు కాగితం మీద నేను దస్కత్ పెట్టాలె" అని చెప్పి సామాను సర్దుకోవడానికి ఇంటికి పోయాడు. ఆమె తీసేసింది. ఆర్, ఎం, ఒక ఖాళీ, ఒక స్టారు గుర్తు. స్టారు అంటే అన్నీ అని. ఎంటర్ కొట్టగానే పద్నాలుగు నెలల పని, సారు బీడీ కాల్చినంత సేపు కూడా పట్టకుండా పోయింది. మనసు కొంచెం చివుక్కుమన్నది గానీ ఎక్కువ కాదు, వండిందంతా మధ్యాహ్నానికి మాయమవడం చూసి చూసి ఆ చివుక్కు ఎప్పుడో అరిగిపోయింది.

బయట వరండాలో కమ్లీ కూర్చొని ఉంది. మునిగే నాలుగు ఊళ్ళలో ఒకటైన లంబాడా తండా నుంచి పొద్దున్నే నడిచి వచ్చింది, ఎర్ర పేటియా లంగా, మోచేతుల దాకా గాజులు, మే నెల ఎండ. అద్దం తలుపులోంచి ఆమె వీపు కనిపిస్తుంది. వచ్చీ రాగానే, "మా పేరున్నదా అమ్మా?" అని అడిగింది. "అందరియి ఉన్నయి కమ్లీ, నువ్వు నీడకు గూసో" అన్నది సరోజన, తల ఎత్తకుండానే. కమ్లీ కదల్లేదు. "అందరియి ఉంటయి గని, మాది ఉన్నదా?" ఆ మాటకు సరోజనకు నవ్వొచ్చింది. నవ్వి, ఉంటది పో అన్నది. ఇప్పుడు ఈ అర మొండికేసిన దగ్గర్నుంచి ఆ ప్రశ్న చెవిలో ఈగలాగా తిరుగుతోంది.

గది చల్లగా ఉంది. భూపాలపల్లిలో ఇంత చల్లటి గది ఇంకొకటి లేదు, మిషనుకు ఉక్కపోస్తే పనిచేయదట, అందుకని దానికొక కూలింగు పెట్టె పెట్టారు. సరోజన కూడా ఉక్కపోస్తే పనిచేయని మనిషే, కానీ ఆ సంగతి పెళ్ళైన పదహారేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు. లెక్కల డిగ్రీ చదివింది, ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసైంది, ఆ రెండు సర్టిఫికెట్లూ జనగామ ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఇనప పెట్టెలో పెళ్ళి చీర కింద పడున్నాయి. భర్తకు ఇక్కడి బడికి బదిలీ కాకపోతే, ఈ మిషను ముందు కూర్చోవడానికి ఇంగ్లీషు టైపు వచ్చిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకరు దొరికి ఉంటే, ఆమె ఇప్పుడు ఇంటి దగ్గర మామిడికాయ ముక్కలు ఎండలోంచి తీస్తూ ఉండేది. ఎండలోంచి తీయాలి కూడా, మరిచిపోయింది, ముక్కలు ఇంటి మీదనే ఉన్నాయి. ఉండనీ. మామిడి ముక్కలు ఒక గంటలో ఎక్కడికీ పోవు, ఈ అరలో ఉన్నవి పోతాయి. ఏమున్నాయో తెలియదు గానీ పోతాయి.

అన్నీ అంటే ఏమిటి. అందరూ అంటే ఎవరు. జనగామలో ఉన్నప్పుడు ఒకసారి, తొర్రూరులో ఆడబిడ్డ మరిది పెళ్ళికి పొయ్యిబందు పిలుపు చెప్పిపోయారు, ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేదు, ఇంటిల్లిపాదీ రావాలని. ఇంటిల్లిపాదీ పోయారు. అత్తగారు, మామగారు, బావగారు, తోటికోడలు, పిల్లలు, ఆఖరికి పాలేరు కూడా. ఇంటి దగ్గర సరోజన ఉండిపోయింది, చూలుతో ఉన్న బర్రె ఇయ్యాలో రేపో ఈనేట్టుందని. పెళ్ళి పందిట్లో ఎవరో, రుక్మిణమ్మా అందరొచ్చిన్రా అని అడిగితే, ఆ, అందరం వచ్చినం, ఇంట్ల పురుగు గూడ లేదు అన్నదట. తోటికోడలు తిరిగొచ్చాక ఆ మాట పూసగుచ్చినట్టు చెప్పింది, పైగా నవ్వుతూ చెప్పింది. సరోజనకు అప్పుడు కోపం రాలేదు. కోపం కన్నా వింత ఎక్కువైంది. అత్తగారు అబద్ధమాడలేదు. ఆమె కళ్ళ ముందు అందరూ ఉన్నారు, ఎవరూ తక్కువ కాలేదు. వడ్డించిన మనిషి విస్తరి లెక్కలోకి రానట్టే, ఇంటి దగ్గర ఉన్న మనిషి ఇల్లయిపోతుంది, ఇంటిని ఎవరు పెళ్ళికి తీసుకుపోతారు. బర్రె ఆ రోజు ఈనలేదు, అది వేరే సంగతి, అందరూ తిరిగొచ్చాక, భోజనాల కథలన్నీ అయిపోయాక నింపాదిగా ఈనింది.

లెక్కలోకి రాకపోవడం ఒక్కోసారి ప్రాణం కాపాడుతుంది కూడా. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమంలో కాలేజీలన్నీ మూతపడి, పరీక్షలు లేవని తేలిపోయి ఆమె హాస్టలు నుంచి మానుకోటలో పుట్టింటికి వచ్చేసిన ఎండాకాలం. అన్న వెంకట్రాం రైలుపట్టాల మీద కూర్చున్నవాళ్ళలో ఉన్నాడని, పేరు రాసుకుపోయారని తెలిసిన మర్నాడే పోలీసులు ఇంటి ముందు దిగారు. "ఇంట్ల ఉన్న మొగోళ్లంత బయటికి రావాలె!" బాపు బయటికి వచ్చాడు, చిన్నాయిన వచ్చాడు, వడ్లు కొలవడానికి వచ్చిన మనిషి, తనకేం సంబంధమో తెలియక, మానిక చేతిలో పట్టుకొని వచ్చాడు. గదులన్నీ వెతికారు, గడ్డివామిలో కర్రతో పొడిచారు. పెరట్లో ఒక మూల చిన్న అర్ర ఉంది, దాని తలుపు ముందు చాప మీద సరోజన కూర్చొని ఉంది, అమ్మ కూర్చోబెట్టింది. జవాను అటు రెండడుగులు వేశాడు. అమ్మ గుమ్మంలోంచే, "సారూ, ఆడ పిల్ల దూరం గూసున్నది. పోతనంటే పో, నేనేమొద్దన. గని మల్ల ఇంట్లకు రావాలంటే టోపి బెల్టు విడిచి తలమీద నీళ్లు పోసుకొని రావాలె" అన్నది. జవాను వేసిన రెండడుగులూ వెనక్కి వేశాడు. అన్న ఆ అర్రలో ఉన్నాడు, ఆమె ఆల్జీబ్రా పుస్తకం తల కింద పెట్టుకొని. పోలీసులు వెళ్ళిపోయాక బయటికి వస్తానంటే అమ్మ రానీయలేదు, ఒకసారి దూరం అన్నాక మూడు దినాలే, ఊర్లె నలుగురు చూసిన్రు అన్నది. మూడు రోజులు వాడికి తలుపు సందులోంచి కంచం తోసింది సరోజన. అన్న ఉద్యమం గురించి ఇప్పటికీ గంటలు గంటలు మాట్లాడతాడు గానీ ఆ మూడు రోజుల మాట మాత్రం ఎత్తడు. మొగోళ్లంతా అని జవాను నిజంగానే అందరినీ పిలిచాడు, ఆ పిలుపు పోనిచోటు ఇంట్లో ఒకటుందని అమ్మకు తెలుసు, అంతే.

పిలుపు పోని చోటు. సరోజన కుర్చీలో ముందుకు జరిగింది. మిషను పెట్టిపోయిన ఇంజనీరు సురేందర్ ఒక పుస్తకం ఇచ్చిపోయాడు, పుస్తకం కూడా కాదు, జిరాక్సు కాగితాల కట్ట, చాయ మరకలు, సగం పేజీల్లో అంచులు రాలేదు. ఇంత కాలం అవసరమున్న నాలుగు పేజీలే చదివింది. ఇప్పుడు వేలు పెట్టి వరుసగా చదవసాగింది, డిగ్రీలో పరీక్షకు ముందు చదివినట్టు, పెదవులు కదుపుతూ. స్టారు గురించి ఒక పేరా ఉంది. చదివి ఆగింది. ఇన్నాళ్ళూ ఆమె అనుకున్నదేమంటే, తీసెయ్ అనే ఆజ్ఞ ఆ స్టారును చూసి, ఓహో అన్నీ అన్నమాట అని చీపురు పట్టుకొని బయల్దేరుతుందని. అది కాదట. తీసేసే ఆజ్ఞకు స్టారు కనిపించనే కనిపించదట. మధ్యలో ఇంకొకడు ఉంటాడు, మనం కొట్టిన వరుసను ముందు వాడు అందుకుంటాడు, స్టారును చూసి, అరలో ఉన్న పేర్లన్నీ వరుసగా చదివి, స్టారు తీసేసి ఆ జాగాలో పేర్ల చిట్టా పెట్టి తీసేసేవాడి చేతికి ఇస్తాడు. తీసేసేవాడికి చిట్టా తప్ప అర తెలియదు. చిట్టాలో ఎవరున్నారో వాళ్ళు పోతారు, లేనివాళ్ళు ఉన్నట్టు కూడా వాడికి తెలియదు. అంటే ఊళ్ళో చాటింపు వేసే మనిషి లాంటివాడన్నమాట, అందరినీ పిలువు అంటే తనకు తెలిసిన గడపల ముందు నిలబడి పిలుస్తాడు, ఏ గడప వదిలేశాడో పిలవమన్నవాళ్ళకు తెలిసే దారి లేదు. మరి వీడు వదిలేసే గడప ఏది. పేజీ తిప్పింది. అంచు సరిగా పడలేదు, సగం మాట కనిపిస్తుంది, సగం లేదు, కానీ అర్థమవుతుంది. పేరు మొదట్లో చుక్క ఉంటే స్టారు దాన్ని పట్టించుకోదు.

ఎందుకు పట్టించుకోదు? ఎవరికేం చేసింది పాపం చుక్క. ఈ ప్రశ్నకు కాగితాల్లో జవాబు లేదు, కానీ కింద ఒక మాట ఉంది, ప్రతి అరలోనూ పుట్టుకతోనే రెండు పేర్లు ఉంటాయని. ఒంటి చుక్క అంటే ఆ అర తానే. రెండు చుక్కలంటే దాన్ని కన్న పై అర. సరోజన కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, లెక్క తేలే ముందు ఆమెకు అదొక అలవాటు. అయితే చూడు, అన్నీ తీసెయ్ అన్నప్పుడు చాటింపు మనిషి ఆ రెండింటినీ కూడా పిలిస్తే ఏమైపోను. అర తనను తాను తుడుచుకోవాలి, ఆ తర్వాత తల్లి మీదకు పోవాలి. కూరలన్నీ దించవే అంటే పొయ్యిని కూడా పెకిలించి దించినట్టు. అందుకని ఎవరో పెద్దమనిషి, మొదట్లో చుక్క ఉన్న పేరును పిలవకు అని వాడికి చెప్పి ఉంటాడు. రెండు పేర్లను కాపాడటానికి చెప్పిన మాట, వాడేమో మాట మీద నిలబడే మనిషి, చుక్క ఉన్న ప్రతి గడపనూ దాటేస్తాడు. ఇది తన ఊహే, అవునో కాదో చెప్పేవాళ్ళు భూపాలపల్లిలో లేరు, అయినా సరోజనకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళ తర్వాత ఒక లెక్క తేలింది, ఎవరూ అడగని లెక్క. ఇప్పుడు ఆ గడపలు చూడాలి. దానికీ ఒక దారి ఉంది, చూపించు అన్న ఆజ్ఞ పక్కన ఒక అడ్డగీత, ఒక ఏ అక్షరం. కొట్టింది.

ఒంటి చుక్క. రెండు చుక్కలు. ఆ కింద పేర్లు, ప్రతి పేరు ముందూ ఒక చుక్క, పచ్చగా, బుద్ధిగా, బడిలో ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ పిల్లల్లాగా. లెక్కపెట్టింది. పదిహేడు. మధ్యలో మంగ్యా. కమ్లీ మొగుడు మంగ్యా. పొంగిన సంతోషం ఇంకా పొంగుతుండగానే ఆ చుక్కలు ఎక్కడివో గుర్తొచ్చింది. గోపాల్ గారు. ఇంటింటికీ తిరిగి పుస్తకాల్లో రాసుకొచ్చిన మనిషి, అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు పట్వారీ దగ్గర లెక్కలు రాసినవాడు, ఇప్పుడు పని మానేసి మరిపెడలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. తలుపుకు తాళం కనిపిస్తే పేరు ముందు చుక్క పెట్టేవాడు, మళ్ళీ పోయి చూడాలి అని ఆయనకు గుర్తు. పోయేవాడు కూడా, పాపం ఎండలో రెండోసారి పోయి వివరాలన్నీ రాసుకొచ్చేవాడు, కానీ సిరాతో పెట్టిన చుక్క ఎట్లా పోతుంది, అట్లాగే ఉండేది. సరోజన ఆ పేజీలు కొట్టేటప్పుడు ఫైలు పేరులో ఆ చుక్కను కూడా కొట్టింది. ఉన్నది ఉన్నట్టు దించాలి, కామా కూడా వదలొద్దు అని టైపు నేర్పిన మాస్టారు చెప్పిన మాట. ఇంతకూ తాళాలు ఎవరి ఇళ్ళకు ఉంటాయి. మాఘం ఫాల్గుణాల్లో ఖమ్మం దిక్కు మిరపకాయలు తెంపడానికి పోయేవాళ్ళ ఇళ్ళకు. తండాలో సగం.

ఎంత మంచి తప్పు చేశానో అనుకున్నది ఒక్క క్షణం. చుక్క పెట్టబట్టే పదిహేడు మంది మిగిలారు. ఆ క్షణం దాటాక టేబుల్ మీద దారంతో కట్టిన జాబితా కనిపించింది. అచ్చు తీసేటప్పుడు ఏం కొట్టారు? ఆమె పక్కన నిలబడి ఉంది, అచ్చు తీయడానికని మళ్ళీ వచ్చిన సురేందర్ కొట్టాడు. అన్ని ఫైళ్ళూ వరుసగా అచ్చు వెయ్ అని, చివర ఒక స్టారు. అదే స్టారు. అదే చాటింపు మనిషి. తుడిచెయ్యడానికి ఏ గడపను దాటిపోయాడో, జాబితాకు పిలవడానికీ ఆ గడపనే దాటిపోయాడు. ఈ పదిహేడు మంది ఈ పొద్దున బతికిపోవడానికీ, నిన్న లేకుండాపోవడానికీ కారణం ఒక్కటే. దారం ముడి విప్పింది, తొమ్మిది పేజీలూ చూసింది, ఎం అక్షరం దగ్గర మాన్‌సింగ్ ఉన్నాడు, మంగ్యా లేడు. పుస్తకాల్లో మొత్తం రెండు వందల పద్నాలుగు అని గోపాల్ గారు చెప్పేవాడు. నిన్న నూట తొంభై ఏడు వస్తే ఉపేందర్ సార్, అన్నదమ్ములయి రెండుసార్లు రాసుంటడు ముసలాయన అన్నాడు, ఆమె కూడా ఔను సార్ అన్నది. చూడకుండా అన్నది, పొద్దున కమ్లీతో అన్నట్టే. ఆ పుస్తకాలు, కొట్టడం అయిపోయాక, మొన్నటి గాలివానకు కప్పు కారి తడిసి, పేజీలు అంటుకొని ఇటుకల్లాగా అయ్యాయి. అంటే ఆ పదిహేడు కుటుంబాలూ ఈ భూమ్మీద రాతలో ఉన్నది ఈ ఒక్క అరలోనే, ఇంకో ముప్పావు గంట.

కాగితాల కట్టలో ఇంకో పేజీ తిప్పితే మరో సంగతి ఉంది. తీసెయ్ అన్న ఆజ్ఞ పక్కన ఒక గీత, ఒక ఆర్ అక్షరం పెట్టి అర పేరు చెప్తే, ఎవరినీ పిలవకుండా, చిట్టా అడగకుండా, అరను లోపలున్నవాటితో సహా, చుక్క ఉన్నా లేకున్నా ఎత్తి పారేస్తుందట. సరోజన ఆ పేజీని చదివింది, రెండుసార్లు చదివింది, కట్టలో అడుగున పెట్టింది. తర్వాత అచ్చు మిషనుకు కాగితం తగిలించి ఒక్కొక్క పేరే కొట్టడం మొదలుపెట్టింది. స్టారు పనికిరాదు, వీళ్ళను పేరు పెట్టి పిలిస్తేనే వస్తారు. చుక్క, ఎం, ఏ, ఎన్. అచ్చు మిషను కర్రలు కోస్తున్నట్టు అరిచింది. కమ్లీ అద్దంలోంచి తొంగి చూసింది.

నాలుగింటికి పది నిమిషాలుండగా ఉపేందర్ సార్ వచ్చాడు, తల దువ్వుకొని, పౌడరు వేసుకొని, వరంగల్లుకు తయారై. సాంసన్ బయట జీపులోంచి హారను కొట్టాడు. "అయిందా సరోజనమ్మా?" ఆమె లేచి నిలబడి పదో పేజీని చేతికి ఇచ్చింది. పదిహేడు పేర్లు, నూట తొంభై ఎనిమిది నుంచి రెండు వందల పద్నాలుగు దాకా. ఎందుకు రాలేదో చెప్పింది. సగం వినేసరికే ఆయన మొహం ముడుచుకుంది.

"గిదేంది, గిప్పుడా చెప్తవు? దస్కత్ అయిపోయింది. ఇగ ఎవ్వరు లేరని రాసి కింద పెట్టిన."

"తప్పు నాదే సార్. ఆ చుక్క నేనే కొట్టిన. గోపాల్ గారిది కాదు, మీది కాదు."

"సరే, ఎవలదైతేంది. వచ్చే నెల సప్లిమెంటరీ పంపుదం. రాసిపెట్టు."

సప్లిమెంటరీ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అరవై తొమ్మిదిలో పోయిన పరీక్షకు కూడా సప్లిమెంటరీ పెడతామన్నారు, ఏడాది పోయింది. క్యాంపు ఇవ్వాళ మూసేస్తున్నారు, వచ్చే నెల ఎక్కడ, ఎవరు, ఏ బల్ల మీద. "పంపుదం సార్" అన్నది. "గని ఒక ఇబ్బందున్నది. మిషను అర తీయనిస్తలేదు. ఖాళీగా లేదంటున్నది. మీరే చూడున్రి." తెర మీద ఆ ముక్క ఉంది, ఇంగ్లీషులో, ప్రభుత్వం వారు రాసినంత గట్టిగా. ఉపేందర్ సార్ వంగి చదివాడు. "ఖాళీ చేసినట్టు మీరు దస్కత్ పెట్టాలె గద. ఆడ వరంగల్లుల తెరిచి సూసి, లోపట పదిహేడు కుటుంబాలున్నయి, జాబితల లేవు, గిదెట్ల అంటే..."

ఆయన పౌడరు మొహం మీద చెమట గీత ఒకటి దిగింది, అంత చల్లటి గదిలో. "బలవంతంగ తీసే దారి లేదా?"

"నాకు తెల్వదు సార్" అన్నది సరోజన. ఆ గొంతు ఆమెకు బాగా అలవాటు. పదహారేళ్ళలో ఎన్నో తెలియకపోవడాలు ఆ గొంతుతోనే నెగ్గుకొచ్చింది. "నాకు తెల్సినంతల, వీళ్లను జాబితలకు ఎక్కిచ్చినంక, ఒక్కొక్క పేరు కొట్టి తీయాలె. గంతే."

సాంసన్ మళ్ళీ హారను కొట్టాడు. "ఆగురా బై, పరేషాన్ జేయకు!" అని అద్దం తలుపు మీదికి అరిచి, ఉపేందర్ సార్ కుర్చీ లాక్కున్నాడు. తొమ్మిదో పేజీలో తన సంతకాన్ని చాలాసేపు చూశాడు, మెలికలు బాగా కుదిరిన సంతకం. అడ్డంగా ఒక గీత కొట్టాడు. ఇక ఎవరూ లేరు అన్నదాని మీద ఇంకో గీత. పదో పేజీ కింద రెండు వందల పద్నాలుగు అని రాసి కొత్తగా సంతకం పెట్టాడు, ఈసారి మెలికలు తక్కువగా. "మీ చదువుకున్నోళ్లతోని కష్టమమ్మా" అన్నాడు. ఔను సార్ అన్నది ఆమె, ఈసారి చూసే అన్నది. కూర్చొని పదిహేడు పేర్లనూ ఒక్కొక్కటిగా కొట్టి తీసింది.

జీపులోకి మిషను ఎక్కిస్తుంటే, జాబితా ఇంకా తన చేతిలో ఉండగానే, కమ్లీని పిలిచింది. పదో పేజీలో వేలు పెట్టి చూపించింది. కమ్లీకి చదువు రాదు, పేరు మీద గాజుల చెయ్యి పెట్టి అట్లాగే ఉంచింది. "గీడనా?" అన్నది. "గీడనే." "మా మీద ఎవరు, కింద ఎవరు?" జాబితా వరుసలోనే కాలనీలో జాగాలిస్తారు, ఆ సంగతి తండాలో అందరికీ తెలుసు. సరోజన చదివింది, పదిహేడు పేర్లూ చదివింది, తన పొరపాటు చెప్పాలని నోరు తెరిచింది గానీ కమ్లీ వినే స్థితిలో లేదు, వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

"అంటే మిరపకాయలకు పోయేటోళ్లమంత ఒక్క లైన్లనా?"

"ఒక్క లైన్లనే."

"అందరం ఒక్కపారే తాళాలేసుకొని పోతం. లైనంత బందుంటది." కమ్లీ నుదురు ముడిచింది. "గట్లగాదు. ఇగ నుంచి ఒక్కరన్న ఇంటికాడ ఉండాలె. రాసేటోళ్లొస్తే పదిహేడిండ్ల పేర్లు ఒక్కొక్కటి నోటితోని చెప్పాలె."

"మంచిదే గద. నువ్వే ఉండు."

"నేనుంటే కాయలెవలు తెంపుతరు? మంగ్యాను ఉంచుత" అన్నది కమ్లీ. "ఆడు తెంపేది తక్కువ, ముచ్చట్లే ఎక్కువ."